బొమ్మకు బువ్వ పెట్టిన బాతిక్

చెన్నై నుంచి మహాబలిపురం వెళ్ళే దారిలో, ఇంజంబాక్కం దగ్గర, సముద్రం వైపున చోళమండలం కళాకారుల గ్రామం ఉంది. గ్యాలరీ నడుస్తోంది. 2009లో తెరిచిన మద్రాసు కళా ఉద్యమపు మ్యూజియం ఉంది. చెట్ల కింద రాతి శిల్పాలున్నాయి. సెలవురోజున కారు ఆపి, పిల్లల చెయ్యి పట్టుకుని లోపలికి నడిచే కుటుంబాలున్నాయి. ఆ ఊరిని పుట్టించి, మొదటి కష్టకాలమంతా దానికి కూడు పెట్టిన బాతిక్ పని, బట్ట మీద మైనంతో గీసి రంగు వేసే ఆ పని మాత్రం ఇప్పుడు అక్కడి బతుకుతెరువు కాదు. అందరినీ ఒక్క పొయ్యి చుట్టూ చేర్చిన ఆ మైనం గిన్నె దిగిపోయి దశాబ్దాలైంది.

మనుషులు పోయినప్పుడు నివాళులు వచ్చాయి. చిత్రకారుడు రామానుజం 1973లో, గ్రామానికి పెద్దదిక్కైన కె.సి.ఎస్. పణిక్కర్ 1977లో, కళాకారిణి అర్నవాజ్ 1988లో, పణిక్కర్ కొడుకు, శిల్పి నందగోపాల్ 2017లో వెళ్ళిపోయారు. వాళ్ళ బొమ్మల గురించి రాసినవాళ్ళున్నారు, రాయాల్సింది ఇంకా ఉంది కూడా. వాళ్ళందరి వెనకా నిలబడ్డ పని ఎప్పుడు ఆగిందో తేదీ చెప్పలేం. తేదీ లేని చావుకు సంతాప సభలు జరగవు. అందుకే ఆ పని గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

అసలు కథ మద్రాసు ఆర్ట్స్ కాలేజీలో మొదలవుతుంది. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు పెట్టిన బడి అది. దేవీప్రసాద్ రాయ్ చౌధురి దానికి తొలి భారతీయ ప్రిన్సిపాల్. మెరీనాలో బండను కదిలిస్తున్న కూలీల విగ్రహం చూసినవాళ్ళకు ఆయన చేతి బలం తెలుసు. మన అంట్యాకుల పైడిరాజు ఆయన దగ్గరే చదువుకున్నారు. రాయ్ చౌధురి తర్వాత, 1957లో పణిక్కర్ ప్రిన్సిపాల్ అయ్యారు. కోయంబత్తూరులో 1911లో పుట్టిన మలయాళి. ఆయన దగ్గర చదివి దేశాలు దాటి వెళ్ళినవాళ్ళలో గుడివాడ నుంచి వచ్చిన ఎస్.వి. రామారావు ఒకరు.

గురువుగా పణిక్కర్‌ను రోజూ తొలిచిన ప్రశ్న ఒకటుంది. ఐదారేళ్ళు కష్టపడి గీత నేర్చుకున్న కుర్రాడు డిప్లొమా పుచ్చుకుని గేటు దాటాక ఏం తినాలి? 1960ల మొదట్లో మద్రాసులో ఆధునిక చిత్రాన్ని డబ్బిచ్చి కొనేవాళ్ళు బహు తక్కువ. కొద్దోగొప్పో కొనేది విదేశీయులు, నలుగురైదుగురు అభిరుచి గల ధనికులు. మిగిలిన దారులన్నీ బొమ్మకు దూరంగా తీసుకుపోయేవే. ఒకడు ప్రకటనల కంపెనీలో సబ్బు బిళ్ళల బొమ్మలు వేస్తాడు. ఇంకొకడు హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారవుతాడు. మూడోవాడు గుమాస్తా. ఈ మూడూ గౌరవమైన పనులే. కాని సాయంత్రం ఇల్లు చేరేసరికి కుంచె పట్టే ఓపిక ఎవడికీ మిగలదు. ఏటా తన కళ్ళెదుటే మంచి చేతులు ఇలా చల్లారిపోవడం పణిక్కర్ చూశారు.

ఆయనా ఆయన శిష్యులూ కలిసి వెతికిన జవాబు సూటిగా ఉంది. పగలు కొన్ని గంటలు చేతిపని చేద్దాం. అమ్ముడుపోయే వస్తువు చేద్దాం. ఆ డబ్బుతో బతుకుదాం. బొమ్మను మాత్రం అమ్మకం కోసం వేయవద్దు, మనకు తోచినట్టు వేద్దాం. ఈ ఆలోచనతో చిత్రకారుల హస్తకళల సంఘం ఒకటి ఏర్పడింది. తోలు, లోహం, మట్టి అన్నీ ప్రయత్నించారు. నిజంగా చెయ్యందించింది బాతిక్. ప్రదర్శన పెడితే బట్టలు అమ్ముడుపోయాయి. ఆ పనుల మీద కూడబెట్టిన సొమ్ముతోనే 1966లో ఇంజంబాక్కం దగ్గర సుమారు పదెకరాల ఇసుక నేల కొన్నారు. ముప్పై మందికి పైగా కళాకారులు. జమీందారు దానం కాదు, సర్కారు పట్టా కాదు, ఏ కంపెనీ ధర్మమూ కాదు. చీరల మీద, గోడకు వేలాడదీసే బట్టల మీద గీసిన గీతలే ఆ నేలను కొన్నాయి. మన దేశంలో కళాకారులు తమ రెక్కల కష్టంతో ఒక ఊరు కట్టుకున్న సందర్భాలు ఎన్ని ఉన్నాయి?

అప్పటికి ఆ చోటు ఊరు కాదు. సరుగుడు తోపులు, దగ్గర్లో జాలరి పల్లె, ఒక సన్నటి రోడ్డు. తాటాకు గుడిసెలు వేసుకున్నారు. కరెంటు లేని రాత్రులు గడిపారు. ఎవరి స్థలం వారిది, కాని పనిశాల, గ్యాలరీ అందరివీ.

ఇప్పుడు ఆ పని ఎలా ఉండేదో చెప్పాలి. బాతిక్ బట్ట చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు, అది ఎలా పుడుతుందో తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు. ముందు బట్టకు పట్టిన గంజి వదిలేలా ఉతకాలి. తేనెమైనం, పారఫిన్ మైనం కలిపి కరిగించాలి. తేనెమైనం బట్టను గట్టిగా పట్టుకుంటుంది, పగలదు. పారఫిన్ పెళుసు, ఇట్టే పగులుతుంది. ఏది ఎంత కలపాలన్నదే పనివాడి గుట్టు. మైనం మరీ వేడెక్కితే పొగ లేస్తుంది, అంటుకునే ప్రమాదం. చల్లారితే బట్ట పైపైన కూచుంటుంది గాని లోపలికి దిగదు, రంగు దాని కిందికి పాకిపోతుంది. సరైన వేడిలో కుంచె ముంచి, చల్లారేలోగా గీత లాగేయాలి. ఆగడానికి లేదు, చెరిపేయడానికి అసలే లేదు. చుక్క జారితే ఆ చుక్కనూ బొమ్మలో కలుపుకోవాల్సిందే.

గీసిన చోట తెలుపు నిలుస్తుంది, మిగతా బట్ట రంగు తాగుతుంది. వేడి రంగు వేస్తే మైనం కరిగిపోతుంది గనక చల్లటి తొట్టెలో వేసే రంగులే వాడాలి. ఆ రోజుల్లో బాతిక్‌కు నాఫ్తాల్ రంగులు వాడేవారు. మొదటి తొట్టెలో కాస్టిక్ సోడాతో కరిగించిన నాఫ్తాల్. అందులో ముంచి తీసినప్పుడు బట్ట మీద చెప్పుకోదగ్గ రంగేమీ కనపడదు. రెండో తొట్టెలో రంగు తేల్చే సాల్టు. అందులో పడగానే ఎరుపో పసుపో ఒక్కసారిగా పుట్టుకొస్తుంది. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. పసుపు నిలవాల్సిన చోట మళ్ళీ మైనం, మళ్ళీ తొట్టె. ఎరుపు నిలవాల్సిన చోట మళ్ళీ మైనం, మళ్ళీ తొట్టె. ముగింపు తెలిసి మొదలుపెట్టాల్సిన పని ఇది. కాన్వాసు మీద లాగా చివర్లో మనసు మార్చుకుని తెలుపు పూసేయడం కుదరదు. ఆఖరి ముదురు రంగుకు ముందు బట్టను చేత్తో నలిపితే మైనం పగులుతుంది. ఆ పగుళ్ళలోకి రంగు దిగి సన్నటి నరాల్లాంటి గీతలు పడతాయి. అన్నీ అయ్యాక మరిగే సబ్బు నీళ్ళలో వేస్తే మైనం పైకి తేలిపోతుంది. బొమ్మ మొత్తంగా చేసినవాడికీ అప్పుడే కనిపిస్తుంది.

మద్రాసు ఎండలో, ఉప్పుగాలిలో, పొయ్యి పక్కన కూచుని ఈ పని చేయడం ఏమంత సుఖం కాదు. వేళ్ళు కాలతాయి. కాస్టిక్ సోడా చర్మాన్ని తినేస్తుంది. మైనం వాసన జుట్టుకు పడుతుంది. చోళమండలం గురించి చదివే వ్యాసాల్లో సముద్రం, వెన్నెల, ఇసుక కనపడినంతగా ఈ కాలిన వేళ్ళు కనపడవు. నాకు అది లోటుగా తోస్తుంది.

ఈ పని మన తీరానికి పరాయిది కూడా కాదు. బాతిక్ ఇక్కడికి ఆధునిక కాలంలో వచ్చిన దారి జావా నుంచే. 1927లో రవీంద్రనాథ్ టాగోర్ జావా వెళ్ళి వచ్చాక శాంతినికేతన్‌లో అది వేళ్ళూనుకుంది. అక్కణ్ణుంచి దేశమంతా పాకింది. కాని మైనం పూసి రంగును ఆపే విద్య కోరమాండల్ తీరంలో అంతకు ఎన్నో ఏళ్ళ ముందే ఉంది. మచిలీపట్నం వైపు నుంచి ఓడలకెక్కిన కలంకారీ బట్టల్లో నీలిరంగు వేయాలంటే, నీలి అంటకూడని మేరంతా మైనంతో కప్పి తొట్టెలో ముంచేవారు. మన అద్దకంవాళ్ళ చేతుల్లో పండిన విద్య అది. చోళమండలం కుర్రాళ్ళు అది తెలిసి చేశారో తెలియక చేశారో గాని, అదే తీరంలో, అదే మైనంతో, పాత పనికి కొత్త బొమ్మ నేర్పారు.

దాదాపు అదే కాలంలో ఎం. రెడ్డెప్ప నాయుడు మద్రాసు వీవర్స్ సర్వీస్ సెంటర్‌లో చేనేతకు నమూనాలు గీస్తూ పనిచేశారు. పణిక్కర్ శిష్యుడాయన. దేవతామూర్తుల వరుస, మహాభారతం వరుస, సంగీత విద్వాంసుల బొమ్మలు వేసిన గొప్ప చిత్రకారుడు, 1999లో కన్నుమూశారు. నేతగాడి మగ్గానికి గీత ఇవ్వడం, ఇంటికొచ్చి కాన్వాసు ముందు నిలబడడం ఆయన బతుకులో పక్కపక్కనే సాగాయి. కాళహస్తిలో 1957లో కలంకారీ శిక్షణ కేంద్రం మొదలై, జొన్నలగడ్డ లక్ష్మయ్య చేతుల మీదుగా కలం పని మళ్ళీ ఊపిరి తీసుకున్నదీ ఆ కాలమే. బొమ్మ వేరు, బట్ట వేరు అనే గోడను దక్షిణాదిన చాలా చోట్ల చాలామంది ఒకేసారి తోశారు. ఆ తోసినవాళ్ళలో చోళమండలం ఒక్కటే బట్ట పని మీద ఒక ఊరు కట్టింది.

ఒక ఆరోపణ గురించి కూడా మాట్లాడాలి. చేతిపని కళాకారుణ్ణి చిన్నబుచ్చుతుందని, అమ్మకపు అలంకారం బొమ్మలోకీ దూరిపోతుందని కొందరు అన్నారు. నేను ఒప్పుకోను. మద్రాసు చిత్రకారుల బొమ్మల్లో అందరూ మెచ్చుకునేది గీత. ఆగని గీత, వెలుగునీడల సాయం లేకుండా తనంతట తాను రూపాన్ని మోసే గీత. అది గుడి శిల్పం నుంచి వచ్చింది, తాటాకు రాత నుంచి వచ్చింది, పణిక్కర్ విషయంలో జాతకచక్రాల నుంచీ లెక్కల పట్టీల నుంచీ వచ్చింది. 1963లో మొదలైన ఆయన మాటలూ గుర్తుల వరుసలో అదంతా చూడొచ్చు. కాని రోజూ వేడి మైనంతో, ఆగే వీలు లేకుండా గీత లాగిన చేతికి ఆ సాధన పట్టుబడకుండా ఎలా ఉంటుంది? చోళమండలం చిత్రకారుడు ఎస్.జి. వాసుదేవ్ చెట్ల బొమ్మలు చూడండి. ఆకు పక్క ఆకు, పిట్ట పక్క పిట్ట, నేపథ్యం అంటూ విడిగా లేకుండా అల్లుకుపోయిన తీరు చూడండి. ఆయన, ఆయన భార్య అర్నవాజ్ రాగిరేకు మీద చేసిన ఉబ్బెత్తు పనులు చూడండి. బట్ట నేర్పిన క్రమశిక్షణ వాటిలో నాకు స్పష్టంగా కనిపిస్తుంది. నందగోపాల్ రాగినీ ఇత్తడినీ అతికి చేసిన శిల్పాలు వెనక్కి తిప్పి చూడాల్సినవి కావు, ముందువైపు నుంచే కథ చెబుతాయి. వాటిలోనూ గీతే నాయకుడు. చేతిపని వాళ్ళ బొమ్మను తినేయలేదు, దానికి ఎముక ఇచ్చింది.

ఇంకా పెద్ద మేలు ఇంకొకటి చేసింది. అమ్ముడుపోని బొమ్మకు ఊపిరాడే చోటు ఇచ్చింది. రామానుజం సంగతే తీసుకోండి. మాట సరిగా రాని మనిషి. లోకరీతికి ఇమడనివాడు. కాగితం మీద సిరాతో మేడలు, రథాలు, రెక్కల జంతువులు, వాటి మధ్య టోపీ పెట్టుకున్న తననే గీసుకుంటూ ఒక కలల లోకాన్ని కట్టాడు. పణిక్కర్ అతణ్ణి గుర్తించి చేరదీశారు. బయటి లోకంలో అలాంటివాడికి ఉద్యోగం ఎవరిస్తారు? చోళమండలంలో అతనికి నీడ దొరికింది, పక్కన మనుషులు దొరికారు. అది చాలలేదు. ముప్పై దాటిన తొలి ఏళ్ళలోనే అతను వెళ్ళిపోయాడు. ఐనా, అతని బొమ్మల్ని ఈ రోజు దేశం నెత్తిన పెట్టుకుంటోందంటే, అవి పుట్టేటప్పుడు ఎవరూ వాటిని ఇలా మార్చు అలా మార్చు అనలేదు గనకే. ఆ స్వేచ్ఛ ఖర్చు మైనం గిన్నె భరించింది.

గ్యాలరీలో ఏం జరిగేదని అడిగితే, ఇప్పటి గ్యాలరీల్లో జరిగేదానికీ దానికీ పోలిక తక్కువ. బొమ్మలు వేసేవాళ్ళే మేకులు కొట్టేవాళ్ళు, వాళ్ళే అమ్మేవాళ్ళు. ఆరుబయట రంగస్థలం మీద కవులు చదివారు, నాటకాలు ఆడారు, నాట్యం జరిగింది. 1944లో పుట్టిన ప్రోగ్రెసివ్ పెయింటర్స్ అసోసియేషన్ తరఫున 1961 నుంచి వచ్చిన ఆర్ట్‌రెండ్స్ పత్రిక దక్షిణాది చిత్రకారులకు తమ మాట తామే రాసుకునే చోటిచ్చింది. అర్థశాస్త్రం చదివిన జోసెఫ్ జేమ్స్ ఈ గ్రామం గురించి ఓపిగ్గా రాసిన విమర్శకుడు. ఆర్థిక లెక్క తెలిసినవాడే ఈ ఊరి విలువ ముందు పట్టుకోవడం నాకు సబబుగానే అనిపిస్తుంది.

తర్వాత ఏమైంది? ఒక్క దెబ్బతో పోలేదు. 1970లు వచ్చేసరికి బాతిక్ అందరి సొత్తయింది. పాలిటెక్నిక్‌లలో, మహిళా మండళ్ళలో, సెలవుల శిబిరాల్లో నేర్పారు. మన ఊళ్ళల్లోనూ ముందు గదిలో బాతిక్ గణపతో బుద్ధుడో వేలాడని ఇల్లు అరుదనిపించే కాలం ఒకటి గడిచింది. నలుగురూ చేసే పనిలో చిత్రకారుడి చేతికి వేరే ధర ఉండదు. ఆపైన పగుళ్ళతో సహా అచ్చంగా బాతిక్‌లా కనపడే మిల్లు ప్రింట్లు సగం ధరకు బజారు నిండాయి. సరదా తీరింది, కొనేవాళ్ళు తగ్గారు. ఇంకోవైపు నుంచి శుభవార్త లాంటిదే వచ్చి మిగిలిన పని చేసింది. చోళమండలం చిత్రకారుల బొమ్మలే అమ్ముడుపోసాగాయి. విశ్వనాథన్, అక్కిత్తం నారాయణన్ అప్పటికే పారిస్ చేరారు. జాతీయ బహుమతులు వచ్చాయి. 1990ల తర్వాత బొమ్మల బజారు పెరిగింది. కాన్వాసే అన్నం పెడుతుంటే వేళ్ళు కాల్చుకోవడం ఎందుకు? ఎవరినీ తప్పుపట్టలేం. బాతిక్ ఏ కోరికతో పుట్టిందో ఆ కోరిక తీరింది, బాతిక్ అవసరం తీరింది.

దానితోపాటు పోయినది మాత్రం చిన్నది కాదు. ఉమ్మడి పని పోయింది. ఎవరి స్టూడియో వారిది, ఎవరి ధర వారిది అయ్యాక, పొద్దున లేచి ఒకే పొయ్యి దగ్గర చేరాల్సిన పని లేదు. బొమ్మ అమ్ముడుపోయినవాడూ పోనివాడూ పక్కపక్కన కూచుని మైనం గీసే సమానత్వం పోయింది. ఈ రోజు ఇంజంబాక్కం చెన్నై కార్పొరేషన్‌లో భాగం. ఇసుక నేల ధర ఎంతకు చేరిందో ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద వెళ్ళే ఎవరికైనా తెలుస్తుంది. కాలేజీ దాటిన ఇరవై రెండేళ్ళ పిల్ల చేతిపని అమ్ముకుని అక్కడ గజం స్థలం కొనలేదు. పణిక్కర్‌ను తొలిచిన ప్రశ్న విశాఖలోనూ హైదరాబాద్‌లోనూ ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ పుచ్చుకుని బయటికొచ్చే పిల్లల ముందు ఈ రోజుకీ అలాగే నిలబడి ఉంది. సబ్బు బిళ్ళల బొమ్మల స్థానంలో కంప్యూటర్ డిజైన్ వచ్చింది, అంతే తేడా.

నేను కోరేది పెద్ద పని కాదు. 1960లు, 70ల్లో మద్రాసులో కాపురం ఉన్న తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. పెళ్ళికానుకగానో, మహాబలిపురం వెళ్ళి వస్తూ సరదాకో చోళమండలం బాతిక్ కొన్నవాళ్ళు వాళ్ళలో ఉండే ఉంటారు. మీ ఇంట్లో అమ్మమ్మ ట్రంకుపెట్టె అడుగున అలాంటి చీరో, గోడకు కట్టే బట్టో ఉంటే పాతగుడ్డ కింద పారేయకండి. ఎండలో ఆరేయకండి, గాలి తగిలే నీడలో ఆరబెట్టండి. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉంచకండి, మెత్తటి తెల్లబట్టలో చుట్టండి. అంచున సంతకం గాని, చీటీ గాని ఉందేమో చూడండి, ఉంటే దాన్ని తీసేయకండి. ఎవరు కొన్నారో, ఏ ఏడు కొన్నారో ఇంట్లో గుర్తున్నవాళ్ళు ఉండగానే అడిగి ఒక కాగితం మీద రాసి దానితోపాటే ఉంచండి. మీకు అక్కర్లేకపోతే, ఫొటో తీసి చోళమండలం మ్యూజియం వాళ్ళకు చూపించండి.